మెదకు ఎండ, లండను గాజు

తొగుట 2016 వరకు మెదకు జిల్లాలోనిది. అచ్చటి పిల్లలకు మెదకు చర్చిని చూపు ఉపాధ్యాయుడు గోపురము 175 అడుగులని చెప్పి ఊరకున్నచో కథలో సగమైనను చెప్పినట్లు కాదు.

1895లో సికింద్రాబాదుకు వచ్చిన ఆంగ్ల మెథడిస్టు ప్రచారకుడు చార్లెస్ వాకర్ పాస్నెట్, తిరుమలగిరిలో తెల్ల సైనికుల నడుమ కొంతకాలము పనిచేసి, మరుసటి యేట మెదకు చేరెను. ఎండకు ఓర్చుకొనుట అభ్యాసముచే రావచ్చును. వానను క్రొత్తగా నేర్చుకొనుట అంతకంటె కష్టము. ఆయన దేశమున వాన విసుగు పుట్టించును; ఇచ్చట చెరువు నిండని యేడు గంజియు కరవగును.

1914లో మొదలైన చర్చి నిర్మాణము పదేండ్లు సాగినది. కరవుపాలైన కూలీలకు పనికి ప్రతిగా అన్నము పెట్టిరి. ఆకలిగొన్నవాని విస్తరిలో మతమును కూడ వడ్డించుట తగునా? ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. రాళ్లు మోసినవారు మాత్రము మొదట ముద్దనే అడిగియుందురు.

1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠ జరిగెను. లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్బరీ రూపొందించిన రంగుల గాజు కిటికీలు అటుపిమ్మట అమరినవి. పొగమంచు దేశమున తయారైన ఆ క్రీస్తు జననము, ఆరోహణము మెదకు సూర్యునిచేతనే వెలుగును. ప్రొద్దు గ్రుంకగానే లోపలివారికి కనుమరుగగును.