సలేశ్వరానికి రెండు బస్సులు వద్దు

పోస్టు జర పెద్దగుంటది, ఓపికతో చదవండి. తిట్టాలనిపిస్తే మొత్తం చదివినంక తిట్టండి.

పోయిన వారం గ్రూపులో తిరిగిన ట్రిప్పు ప్లాన్ అందరూ చూసే ఉంటారు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట హాస్టళ్ల పిల్లలకు ఒక బస్సు, ఎల్బీనగర్ రింగు రోడ్డు నుంచి ఇంకో బస్సు. సాగర్ రోడ్డు పట్టుకొని మాల్, దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు. అక్కడ్నుంచి ఫరహాబాద్ గేటు దాటి సలేశ్వరం. గుండంలో దూకుడు, వీడియోలు, రాత్రికి అడవిలోనే వంట. జాతర చైత్ర పౌర్ణమికి కొన్ని రోజులే కాబట్టి ఆ రద్దీ మనకెందుకని, కింద ఇంకో లైను కూడా రాసిండ్రు: 'మనం ఎస్టీలం, మనకు స్పెషల్ పర్మిట్ అడుగుదాం, ఇయ్యకపోతే ధర్నా చేద్దాం.' లైకులు బాగనే పడ్డయి. మాలో కొందరం కూడా కొట్టినం, దాచేదేం లేదు.

ఆ రాత్రి రూంలో అన్నం తింటుంటే మాతో ఉండే చెంచు తమ్ముడు ఫోన్ చూసి ఒక్క మాట అడిగిండు. 'అన్నా, మా దేవుని కాడికి వస్తున్నరు సరే. మావోళ్లను ఎవరన్న అడిగిండ్రా?' ఎవరం జవాబు చెప్పలేదు. ఈ పోస్టు ఆ ప్రశ్న నుంచే పుట్టింది.

సూటిగా చెప్తున్నం. ఎస్టీ సర్టిఫికెట్ జేబుల ఉన్నంత మాత్రాన నల్లమల మన ఇల్లు అయిపోదు. మనలో లంబాడీలం ఉన్నం, కోయలం ఉన్నం, గోండులం, కొలాములం, ఎరుకలం ఉన్నం. సలేశ్వరంల లింగమయ్యకు పూజ చేసేది చెంచులు. అక్కడ మనం చుట్టాలమే. కేస్లాపూర్ నాగోబాను గుర్తు తెచ్చుకోండి. మెస్రం వంశమోళ్లు కాలినడకన గోదారి నీళ్లు తెచ్చి పుష్య అమావాస్య నాడు మహాపూజ చేస్తరు. ఇంకో వంశపు గోండులు 'మేమూ గోండులమే, మాకు వీలైన రోజు తెరవండి' అంటరా? అనరు. అక్కడ అర్థమైన మర్యాద ఇక్కడికొచ్చేసరికి ఎటు పోయింది? (మనలో మనకు ఉన్న రిజర్వేషన్ పంచాయితీలను కామెంట్లల్లకు గుంజకండి. అది వేరే పోస్టు.)

ఇగ పర్మిట్ సంగతి. కొందరు అన్నలు అసలు లిమిటే ఉండొద్దంటున్నరు. మేము ఒప్పుకోం. రాంపూర్ పెంట దాకా బండ్లు పోతయి, అక్కడ్నుంచి రాళ్ల మీద నడక, చివరికి ఇరుకు లోయలోకి దిగుడు. 2023 ఏప్రిల్ జాతరల ఆ రద్దీకి భక్తుల ప్రాణాలు పోయినయి. అది నిండు ఎండాకాలం, ఆకులన్నీ ఎండిపోయి ఉంటయి, ఒక్క బీడీ ముక్క చాలు. లిమిట్ ఎక్కడైనా ఉంటది. మలేసియాల సిపాడాన్ దీవి దగ్గర సముద్రంల డైవింగ్‌కు రోజుకు 120 మందికే పర్మిట్ అన్న రూలు ఏండ్ల తరబడి నడిచింది, దీవి మీది రిసార్టులను 2004లో ఖాళీ చేయించిండ్రు. పగడపు దిబ్బలు బతకాలంటే అంతే. కాబట్టి 'ఇంతమందే రావాలె' అనుడు తప్పు కాదు. ఎంతమంది, ఎన్ని రోజులు అని రాసే పెన్ను ఎవరి చేతుల ఉందన్నదే మా కొట్లాట.

ఇప్పుడు ఆ పెన్ను అటవీ శాఖ చేతుల ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ తీసి చదవండి. అభయారణ్యంలోకి పోయేటందుకు పర్మిట్ ఏయే పనులకు ఇయ్యొచ్చో అందుల లిస్టు ఉంది. పరిశోధన ఉంది, ఫొటోగ్రఫీ ఉంది, టూరిజం ఉంది. మొక్కు అన్న మాట లేదు. టూరిస్టుకు కాయితం మీద దారి ఉంది గాని, లింగమయ్య భక్తునికి ఏడాదికి కొన్ని రోజుల దయ. మన్ననూరుల డబ్బులు కట్టినోళ్లకు కాటేజీ, సఫారీ. అదే అడవిల పుట్టిన చెంచులకు మాత్రం కోర్ ఏరియా ఖాళీ చెయ్యాలె, కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ తీసుకొమ్మని ఒత్తిడి. ఇదొక్క అమ్రాబాద్ ముచ్చట కాదు. 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ రాష్ట్రాలకు లేఖ రాసింది. పులుల కోర్ ప్రాంతాలల్ల ఇంకా 591 ఊళ్లు, 64,801 కుటుంబాలు ఉన్నయి, తరలింపు పని తొందరగా చెయ్యండని.

ఇట్లాంటి టైంల మనం పోయి 'మాకు స్పెషల్ పర్మిట్' అంటే ఏమైతది? పెన్ను వాళ్లదే అని మనమే ఒప్పుకొని సంతకం పెట్టినట్టు అయితది. ఇయ్యాల ఎస్టీ విద్యార్థులకు రెండు బస్సులు, రేపు కార్పొరేట్ కాలేజీ పిక్నిక్‌కు పది బస్సులు, ఎల్లుండి రిసార్టు. అందరూ లోపలికి పోతరు, చెంచోళ్లు ఒక్కరే బయటికి వస్తరు.

చట్టం మన దగ్గర లేదా అంటే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం 3(1)(ఇ) కింద, చెంచుల లాంటి ఆదిమ గిరిజన సమూహాలకు వాళ్లు తరతరాలుగా తిరిగిన ఆవాస ప్రాంతం మొత్తం మీద హక్కు ఉంటది. పోడు పట్టా లెక్క రెండెకరాల ముచ్చట కాదిది. దేవుని గుండం, తేనె తీసే బండ, గడ్డలు తవ్వే జాగ, అన్నీ అందుల వస్తయి. అదే చట్టం ప్రకారం పాత ఆవాసాలు, సర్వే కాని పల్లెలు కూడా ఊర్లే. అంటే పెంటకు కూడా గ్రామసభ కూసోవచ్చు. ఆ గ్రామసభకు ఎంత బలం ఉంటదో నియమగిరిల చూసినం. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, డోంగ్రియా కోంధుల దేవుని హక్కు సంగతి గ్రామసభలే తేల్చాలన్నది. 12 గ్రామసభలు కూసున్నయి, 12కు 12 బాక్సైట్ గని వద్దన్నయి. ఆస్ట్రేలియాల ఉలురు కొండ ఎక్కుడు 2019 అక్టోబర్ 26 నుంచి బంద్ అయింది. అక్కడి ఆదివాసీలు అనంగులే ఎక్కువమంది ఉన్న బోర్డు ఓటేసి తీసుకున్న నిర్ణయమది. టూరిస్టులు గులిగిండ్రు. అయినా ఆగిండ్రు.

'ఇంతకూ మీరు ఫారెస్టోళ్ల దిక్కా?' అని ఒకన్న ఇన్‌బాక్స్‌ల అడిగిండు. కాదన్నా. 2019ల యురేనియం ముచ్చట వచ్చినప్పుడు మనందరం 'సేవ్ నల్లమల' అని డీపీలు మార్చినం. దిల్‌సుఖ్‌నగర్ రూములల్ల కూసోని నల్లమల చెంచులదే అని రాసినం. సెప్టెంబర్ 16న అసెంబ్లీ తీర్మానం కాంగనే డీపీలు మళ్ల మారినయి. పెంటలల్ల మందులున్నయా, బడి నడుస్తున్నదా అని ఆ తర్వాత అడిగినోళ్లం ఎంతమందిమి? మేము కూడా అడగలే. గనికి అడ్డంబడ్డప్పుడు అడవి చెంచులది, ఈతకు పోయేటప్పుడు మాత్రం అందరిదీ ఎట్లయితది?

మా మాట ఇది. రెండు బస్సుల లిస్టు ఆపండి. స్పెషల్ పర్మిట్ దరఖాస్తు కూడా ఆపండి. దాని బదులు సలేశ్వరం జాతర ఎన్ని రోజులు, రోజుకు ఎంతమంది, ఏ దారి అన్నది చుట్టుపక్కల పెంటల గ్రామసభలు తేల్చాలని, చెంచుల ఆవాస హక్కుల పని మొదలుపెట్టాలని ఒక వినతిపత్రం రాద్దాం. ముందుగాల పెంట పెద్దమనుషులకు చదివి వినిపించాలె. వాళ్లు వద్దంటే చించేద్దాం. సరే అంటే మన్ననూరు ఐటీడీఏలో, కలెక్టర్ దగ్గర ఇద్దాం. మనల లా చదివేటోళ్లు ఉన్నరు, మ్యాపులు గీసే జియోగ్రఫీ పిల్లలు ఉన్నరు. ఆవాస హక్కుకు మ్యాపు చాలా అవసరం, ధర్నా కంటే అది కష్టమైన పని.

మొక్కు ఉన్నోళ్లు జాతర రోజులల్లనే పోండి. ఆర్టీసీ బస్సుకు పోండి. నీళ్ల సీసా ఎట్ల తీస్కపోతరో అట్లనే తిరిగి తేండి. గుండంల దూకకండి, అది లింగమయ్య నీళ్లు. ఈతే కావాలంటే మన ఊర్లల్ల బావులకేం తక్కువ.

ఆదివారం సాయంత్రం 5 గంటలకు విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ కింద కలుద్దాం. చెంచు తమ్ముడు కూడా వస్తనన్నడు, ముందు ఆయననే మాట్లాడనిద్దాం. బస్సు కోసం ఇప్పటికే పైసలు ఇచ్చినోళ్లు అదే రోజు వాపసు తీసుకోవచ్చు.