పురిటిగదిలో కులం

రాజమండ్రి అనగానే 1881లో కందుకూరి జరిపించిన తొలి వితంతు వివాహం గుర్తుకొస్తుంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో అదే పట్టణంలో, చుట్టుపక్కల డెల్టా పల్లెల్లో పురిటిమంచం మీద ప్రాణాలు విడిచిన స్త్రీలు మన సంస్కరణ చరిత్రలో పెద్దగా కనిపించరు. పట్టణంలో మునిసిపాలిటీ, పల్లెలో మునసబు జనన మరణాలు రాసేవారు. కలరా, మశూచి, జ్వరాలు, విరేచనాలు, గాయాలు, ‘ఇతర కారణాలు’... నాటి మరణాల పట్టికలో ప్రధానమైన గడులివే. సూతికా జ్వరంతో పోయిన తల్లి ‘జ్వరాలు’ గడిలో కలిసిపోవడం సులువు. ఇక మాలపల్లెలో పోయిన తల్లి ఆ పుస్తకం దాకా ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

లెక్క సరిగా లేకపోయినా దోషి మాత్రం సిద్ధంగా ఉండేది: మంత్రసాని. 1927లో ‘మదర్ ఇండియా’ రాసిన కేథరిన్ మేయో నుంచి మన సంస్కర్తల దాకా, మిగతా విషయాల్లో కలహించుకున్నవారు కూడా ఈ తీర్పులో ఒక్కటయ్యారు. ఎవరీ మంత్రసాని? తెలుగునాట చాలాచోట్ల ఆమె నేడు నాయీబ్రాహ్మణులుగా పిలుస్తున్న క్షురక కులం స్త్రీ. కొన్నిచోట్ల దళిత స్త్రీ. ఆమె చేతుల మురికిని చూసినవారు ఆ గదిని మురికిగా ఉంచిందెవరని అడగలేదు. మన భాషలో ‘పురుడు’ అంటే ప్రసవమే కాదు, మైల కూడా. మైలపడుతుంది గనుక ఇంట్లోకెల్లా చీకటిగది, చాకలికి పోయే పాతగుడ్డ, ‘కింది’ కులపు చేయి. కలిగిన ఇళ్లలో కూడా పురిటాలికి చింకిగుడ్డే దక్కింది. మంచిగుడ్డ లేక కాదు, అది మైలపడకూడదని. ఇది అజ్ఞానం కాదు, కులనియమం.

1847లో వియన్నాలో సెమ్మెల్వైస్ సూతికా జ్వరాన్ని మోసుకొస్తున్నవి వైద్యుల చేతులేనని చూపాడు. పట్టాలున్న చేతులవి! ముందు ఆయన్నే వెక్కిరించారు, తర్వాత చేతులు కడుక్కున్నారు. అంతేగాని ఆ వృత్తి నుంచి వైద్యుల్ని వెళ్లగొట్టలేదు.

ఇక్కడ జరిగింది వేరు. రాజమండ్రిలో లూథరన్ మిషన్ వైద్యురాలు లిడియా వోర్నర్, గుంటూరులో అనా కుగ్లర్ స్త్రీలకు ఆసుపత్రులు నెలకొల్పారు. వారి సేవ చిన్నది కాదు. కుగ్లర్ వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు జమీందారు భుజంగరావు ఆ ఆసుపత్రి ఎదుట సత్రం కట్టించారు. జమీందారీ కుటుంబం కృష్ణ దాటి గుంటూరు వెళ్లగలదు. వరిచేలో నొప్పులొచ్చిన కూలీ తల్లికి ఊరి మంత్రసానే దిక్కు. 1926 మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం ఆ వృత్తికి రిజిస్టరు తెచ్చింది. తరతరాలుగా అక్షరం అందని స్త్రీకి ఆ రిజిస్టరులో చోటెక్కడిది? మైలగా ఉన్నంతకాలం ఆమె పని. జీతం, గౌరవం వచ్చాక చదువుకున్నవారి పని.

ప్రతి వెయ్యి సజీవ జననాలకు సుమారు 20 మంది తల్లులు చనిపోతున్నారని 1946లో భోర్ కమిటీ అంచనా వేసింది. 2018–20 నమూనా రిజిస్ట్రేషన్ లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో లక్షకు 45 మంది. గొప్ప మార్పే. కానీ ఆ బులెటిన్ తల్లుల మరణాలను రాష్ట్రాల వారీగా చెబుతుంది, వయసుల వారీగా చెబుతుంది, కులాల వారీగా చెప్పదు. కులగణనకు దేశం సిద్ధమవుతున్న వేళ ఆ గడిని కూడా చేర్చమని విద్యార్థి ఉద్యమాలు ఎందుకు అడగకూడదు?