రాజుకే లేని అధికారం గవర్నరుకెందుకు?



బిల్లులపై గవర్నర్లకు కోర్టులు గడువు పెట్టలేవని 2025 నవంబరు 20న సుప్రీంకోర్టు తేల్చేసింది. మరీ జాప్యమైతే ఏదో ఒకటి తేల్చమని మాత్రం చెబుతుందట! తమిళనాడు గవర్నరుపై వేసిన కేసులో అదే కోర్టు ఏప్రిల్ 8న పెట్టిన గడువులు ఏడాది తిరక్కుండానే గాలికి పోయాయి. ఇక మిగిలింది రాజ్యాంగ సవరణే.

బ్రిటన్‌లో ఇప్పటికీ రాజున్నాడు. అక్కడ పార్లమెంటు బిల్లును కాదన్న చివరి పాలకురాలు ఆన్ రాణి, అదీ 1708లో. కెనడా ప్రావిన్సుల్లో ఆ రాజు ప్రతినిధులే లెఫ్టినెంట్ గవర్నర్లు. 1961లో సస్కాచెవాన్‌లో ఒకాయన బిల్లును ఆపి ఒట్టావాకు పంపితే, కేంద్ర ప్రభుత్వమే ఉలిక్కిపడి దానికి ఆమోదం ఇచ్చింది. ఆ తర్వాత అక్కడ మరొకరు ఆ పని చేయలేదు.

మరి రాజులను సాగనంపిన మన దగ్గర?

యూనివర్సిటీ అధ్యాపకుల నియామకాలకు ఉమ్మడి బోర్డు పెట్టాలన్న బిల్లు 2022 సెప్టెంబరులో తెలంగాణ ఉభయ సభల్లో పాసైంది. గవర్నరు సందేహాలున్నాయన్నారు. మంత్రి స్వయంగా వెళ్ళి వివరించారు. అయినా ఫైలు కదల్లేదు. 2023 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టు గడప తొక్కాక కొన్ని బిల్లులు కదిలాయి. ఇది మాత్రం రాష్ట్రపతి పరిశీలనకంటూ ఢిల్లీకి వెళ్ళింది. పీహెచ్‌డీ పట్టా పట్టుకుని పార్ట్‌టైం జీతంతో పాఠాలు చెప్పేవాడి వయసు ఈలోగా ఆగుతుందా? బిల్లు నచ్చకపోతే తిప్పి పంపండి. సభ మళ్ళీ పాస్ చేసి పంపితే ఆమోదం నిరాకరించకూడదని ఆర్టికల్ 200లోనే ఉంది. అవుననరు, కాదనరు, కింద పెట్టుకుని కూర్చుంటారు. ఓటుకు నిలబడని మనిషికి ఇంత పెత్తనమా?

ఈ కుర్చీ సంగతి తెలుగువాళ్ళకు ఒకరు చెప్పాలా? 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ముఖ్యమంత్రి ఎన్టీఆర్‌ను గద్దె దించారు. నెల రోజులు జనం రోడ్లెక్కితే గానీ ఆ తప్పు దిద్దుకోలేదు. రాంలాల్ పోయారు, కుర్చీ అలాగే ఉంది. 1935 చట్టంలో తెల్లదొరలు బిల్లులపై గవర్నరుకిచ్చిన సొంత విచక్షణను రాజ్యాంగం రాసినవాళ్ళు తీసేశారు. ఇప్పటి గవర్నర్లు దాన్ని దొడ్డిదారిన తెచ్చుకున్నారు.

తొందరపాటు చట్టాలను ఆపేదెవరంటారా? కోర్టులున్నాయి. దేశ సమైక్యత అంటారా? రాష్ట్రపతి పాలన పెట్టే ఆర్టికల్ 356 చాలదా!

గడువు కొత్త కోరికేం కాదు. జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ 2002లో నాలుగు నెలలంది, పూంఛీ కమిషన్ 2010లో ఆరు నెలలంది. మేం నాలుగే అడుగుతున్నాం. ఆర్టికల్ 200, 201లను సవరించి గవర్నరుకు, రాష్ట్రపతికి తలా నాలుగు నెలలు పెట్టండి. గడువు దాటితే బిల్లు చట్టమైనట్టే.

ప్రతిపక్షంలో గవర్నరును తిట్టి, ఢిల్లీ గద్దెక్కాక అదే గవర్నరును వాడుకోని పార్టీ ఏదీ లేదు. అందుకే పార్టీలను నమ్మకండి. మన రెండు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. ఈ సవరణకు ఓటేస్తారా, వేయరా అని మీ ఎంపీని నిలదీయండి. జవాబు కాగితం మీద రాయించుకోండి.