కాదన్నవానికి తలుపు మూయుట

చేతిఫోనులో యాపు నొకదానిని తెరచినతోడనే, మీరెక్కడ నున్నారో తెలిసికొనుటకు అనుమతింతురా యను ప్రశ్న యెదురగుచున్నది. కొందరు సరే యందురు, కొందరు కాదందురు. కాదన్నవారి యెడల యాపులు నడపువారు చూపుచున్న మర్యాదను మేము కొంతకాలముగా గమనించుచున్నాము. అది మెచ్చదగినదిగా లేదు.

మందుల నమ్ము యాపునే తీసికొందము. మందు ఇంటికి చేరవలెనన్న చిరునామా కావలెను, న్యాయమే. దానిని కొనువాడు స్వయముగా వ్రాసి యియ్యగలడు. అంతకుముందే, ఆ ప్రాంతమునకు సరకు పోవునో పోదో తెలియుటకు 1972 నుండి తపాలావారు వాడుచున్న ఆరంకెల పిన్‌కోడు చాలును. అయినను కొన్ని యాపులు అనుమతి నియ్యనిదే లోపల అడుగు పెట్టనియ్యవు. మరికొన్ని త్రోసివేసిన ప్రశ్ననే మరల మరల అడుగుచుండును. నీవెక్కడికి పోయిన నక్కడికి వెంట వత్తును, ఒప్పుకొననిదే ఉప్పు నమ్మననెడి వర్తకుని అంగడికి మన యూళ్లలో నెవడైన రెండవమారు పోవునా?

కాదనువాడు ఏదో దాచుచున్నాడని తలచుట పొరపాటు. ఒంటరిగా నివసించు స్త్రీకి తన యునికి పరులకు తెలియుట ఇష్టముండకపోవచ్చును. అసలు కారణమే చెప్పనక్కరలేదు. వ్యక్తిగత గోప్యత పౌరుని ప్రాథమికహక్కని 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2023లో పార్లమెంటు చేసిన చట్టము, సమ్మతి స్వేచ్ఛగాను, షరతులు లేకయు నుండవలెననియు, పనికి కావలసిన వివరములకే పరిమితము కావలెననియు చెప్పుచున్నది. దూరవైద్యపు యాపు రోగి ఫోనులోని పరిచయస్థుల పట్టీకి సమ్మతి పుచ్చుకొన్నను, వైద్యమునకు ఆ పట్టీతో పని లేదు గనుక సమ్మతి వైద్యమువరకే వర్తించునని చట్టములోనే ఉదాహరణము గలదు.

ఫోనుల వ్యవస్థను నిర్మించువారు ఈ విషయమున కొంత నయము. 2020 నాటి ఆండ్రాయిడు పదునొకండవ కూర్పు, ఈ మారునకు మాత్రమే అనుమతించు వీలు కల్పించినది. రెండుమారులు కాదన్న పిదప ఆ ప్రశ్న మరల తెరపైకి రానియ్యదు. మరుసటి యేటి కూర్పులో ఉజ్జాయింపు స్థానము మాత్రమే తెలుపు ఏర్పాటు వచ్చినది. ఆపిల్ వారి నియమములైతే, స్థానము తెలుపనివానికి చిరునామాను చేతితో వ్రాయు సదుపాయ మియ్యవలెనని స్పష్టముగా సూచించుచున్నవి. యాపులవారు మాత్రము, సెట్టింగులకు పోయి అనుమతించి రండని తమ సొంత పలక నొకటి అడ్డముగా నిలుపుచున్నారు!

నడచుచుండగా మలుపు మలుపునకు త్రోవ చూపు పటమునకు స్థానము తెలియక తీరదు; దానిని మేము తప్పుపట్టము. టాక్సీ పిలుచువాడు సైతము ఫలానా గుడి యెదుట ననిన చాలును. అవసరము పడినప్పుడే, ఎందుకో చెప్పి, అడుగవలెను. కాదన్నచో ఊరి పేరు వ్రాయుటకు చోటు చూపి తక్కిన పని సాగనియ్యవలెను. ఇది కష్టసాధ్యమైన విద్య కాదు.

హైదరాబాదులోను, విశాఖపట్టణములోను ఇట్టి యాపులను నిర్మించు తెలుగు యువకు లనేకులు గలరు. వారు తమ ఫోనులో ఒక్కమారు అనుమతి నిరాకరించి, తాము చేసిన యాపుతోనే ఒక మందుచీటీ సరకు తెప్పించుకొన జూడవలెనని కోరుచున్నాము.