విరిగిన చువ్వ

గత సంవత్సరము భాద్రపద మాసమున మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న బాలిక యొకతె పదునొకండు దినములు బడికి రాలేదు. జ్వరము కాబోలునని మేము తలచితిమి. కబురంపగా తండ్రిగారు వచ్చి చెప్పిన కారణము విని సిగ్గుపడితిమి. ఆమెకు జబ్బేమియు లేదు. ఆమె సైకిలుకు జబ్బు చేసినది. వారి ఊరికిని బడికిని నడుమ ఐదు కిలోమీటర్ల దూరము. ఆ వేళకు ఆ దారిని బస్సు లేదు. ఒంటరిగా నడచి పొమ్మనుటకు తల్లికి మనసొప్పలేదు.

ఆషాఢములో వెనుకచక్రపు చువ్వ యొకటి విరిగినది. "ఒక్కటే కదా" యని ఎవరును పట్టించుకొనలేదు. ఆ పిల్ల విరిగిన తునుకను ప్రక్క చువ్వకు చుట్టి బడికి వచ్చుచునే యుండెను. శ్రావణము గడచునప్పటికి మరి మూడు విరిగినవి. రిమ్ము వంకరపోయి టైరు ఫ్రేమును రాచుకొనసాగెను. దుకాణమునకు తీసికొనిపోగా చక్రమంతయు విప్పి కట్టవలెననిరి. "వేరుసెనగ అమ్ముడుపోయిన తరువాత చూతము" అని తండ్రిగారు సైకిలును పశువుల కొట్టములో నిలిపిరి. ఆషాఢములో పోయినది ఒక కాఫీ వెలకు మించని చువ్వ; భాద్రపదములో పోయినది పదునొకండు దినముల చదువు.

ఇందు తండ్రిగారి తప్పు కొంత యున్న నుండవచ్చును. కాని రెండు నెలలపాటు ఆ సైకిలు నిలిచినది మా పాఠశాల చెట్టు క్రిందనే. ఉపాధ్యాయులమైన మేము దినమునకు నాలుగు మారులు దాని ప్రక్కగా నడచితిమి. చూచియు చూడనట్లు పోయిన మా తప్పు అంతకంటె చిన్నది కాదు. కావుననే ఈ మాటలు వ్రాయుచున్నాము. ఉన్నత పాఠశాలలో చదువు ప్రతి బాలుడును, ప్రతి బాలికయు విరిగిన చువ్వను మార్చి చక్రపు వంకర తీయ నేర్వవలెననియు, ఆ పాఠము మన తెలుగులోనే జరుగవలెననియు మా అభిప్రాయము.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల పల్లెలలో సైకిలు విలాస వస్తువు కాదు. తమిళనాటి ప్రభుత్వము ఈ శతాబ్దపు తొలి దశకము నుండి పై తరగతుల విద్యార్థులకు ఉచితముగా సైకిళ్ళనిచ్చుచు వచ్చినది. పదునొకండవ తరగతిలో అన్నకు వచ్చిన సైకిలు అన్న చదువు ముగియగానే చెల్లెలిదగును. మా బడిలోని సైకిళ్ళలో అట్టివే హెచ్చు. ఇచ్చుట ప్రభుత్వము వంతు. నిలుపుకొనుట మన వంతు. ఆ రెండవ పనికి మనము పిల్లలను సిద్ధపరచుట లేదు.

చక్రమును బాగుచేయ దలచువాడు ముందు చక్రము నిలిచెడి తీరు తెలిసికొనవలెను. ఎద్దుబండి చక్రమునకు కొయ్య ఆకులుండును. బండి బరువు, ఆయా క్షణమున ఇరుసునకు క్రిందుగా నిలుచు ఆకు మీద పడును. స్తంభము ఇంటిని మోసినట్లు అది నొక్కుడును మోయును. సైకిలు చువ్వ అట్లు మోయజాలదు. సుమారు 2 మిల్లీమీటర్ల లావు గల తీగె నొక్కినచో వంగిపోవును. కాని లాగినచో అదే తీగె ఎంతో బరువునకు ఓర్చును. ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ, విలియం హిల్మన్ అనువారు 1870లో ఇట్టి బిగుతు తీగెల చక్రము గల సైకిలుకు పేటెంటు పొందిరి. చువ్వలను ఏటవాలుగా, ఒకదానినొకటి దాటునట్లు అమర్చు పద్ధతి 1874లో స్టార్లీ తెచ్చినదే. నేటికిని మన సైకిలు చక్రము ఆ పద్ధతిలోనే నిలిచియున్నది.

మన పాత తరహా సైకిలుకు ముందుచక్రమున 32, వెనుకచక్రమున 40 చువ్వలుండును. వానిలో సగము హబ్బు కుడి అంచు నుండి, సగము ఎడమ అంచు నుండి రిమ్మును తమ తమ వైపునకు లాగుచుండును. ఆ లాగుడులు సరితూగినంత కాలము రిమ్ము నడిమి దారిని విడువదు. చక్రము దొరలునపుడు నేలవైపునకు వచ్చిన చువ్వల బిగుతు కొంచెము తగ్గి, పైకి పోగానే మరల హెచ్చును. 28 అంగుళముల చక్రము ఒక చుట్టు తిరిగిన సుమారు 2.2 మీటర్లు సాగును. అనగా కిలోమీటరునకు 450 చుట్లు. పోను రాను పది కిలోమీటర్లు పోవు పిల్ల చక్రమునకు దినమునకు 4,500 చుట్లు. 200 బడి దినములకు 9 లక్షల చుట్లు. అన్ని మారులు ప్రతి చువ్వయు సడలి బిగియును. సరిగా బిగియించిన చువ్వ దీనిని ఏండ్ల తరబడి సహించును. వదులైన చువ్వ మాత్రము చుట్టు చుట్టునకు మెడ కడ ఆడి ఆడి, తుదకు ఆ వంపుననే విరుగును. ఒకటి విరిగిన దాని పని ఇరుగుపొరుగు చువ్వలపై పడును. పిదప అవియు విరుగును. "ఒక్కటే కదా" యనుట ఎందుకు తగదో ఇప్పుడు తెలియును.

ఇక మార్చు విధము. గాలి తీసి, చక్రము విప్పి, టైరును, ట్యూబును, రిమ్ము పట్టీని తొలగింపవలెను. విరిగిన తునుకలను కలిపి కొలిచి, అంతే పొడవు, అంతే లావు గల చువ్వను తేవలెను. ముందుచక్రపు చువ్వ వెనుకచక్రమునకును సరిపోవునని కొలువక నమ్మరాదు. కొత్త చువ్వ తల హబ్బు అంచునకు లోపలనో వెలుపలనో, అది ఏ చువ్వను పైగా దాటవలెనో, దేనికి క్రిందుగా దూరవలెనో తెలియవలెనన్న, అదే అంచున ఒక రంధ్రము విడిచి ఆవలనున్న చువ్వను చూచిన చాలును. ఆ దారినే దీనిని నడిపి, మరకు ఒక బొట్టు నూనె రాచి, నిపిలు నెక్కింపవలెను. ఇచట క్రొత్తవారు తడబడుదురు. టైరు వైపు నుండి చూచినపుడు నిపిలును గడియారపు ముల్లు తిరుగు దిక్కున త్రిప్పిన బిగియును. హబ్బు వైపు నుండి చూచిన అదే త్రిప్పుడు తారుమారుగా కనబడును. చువ్వ కొన రిమ్ములో పొడుచుకొని వచ్చినచో ఆకురాయితో అరగదీయవలెను. లేకున్న ట్యూబునకు చిల్లు తప్పదు.

పిమ్మట వంకర తీయుట. దుకాణములో దీనినే బెండు తీయుట యందురు. సైకిలును తలక్రిందుగా నిలిపి చక్రము నెక్కించి, సుద్దముక్కను ఫ్రేమున కానించి కుడి ప్రక్కన రిమ్మునకు చేరువగా పట్టి చక్రమును మెల్లగా త్రిప్పవలెను. రిమ్ము కుడికి వంగిన చోట సుద్ద గీత పడును. అచట ఎడమ చువ్వలను బిగించి, కుడి చువ్వలను సడలింపవలెను. ఒకసారికి పావు చుట్టుకు మించరాదు. త్వరపడి ఒకే చువ్వను బిగించువాడు వంకరను తీయడు, వేరొక చోటికి జరుపును. నడుమ నడుమ చువ్వలను వ్రేలితో మీటి వినవలెను. ఒకే వైపు చువ్వలు ఇంచుమించు ఒకే శ్రుతిలో పలికిన బిగుతు సరిపోయినట్లు. మందముగా మ్రోగునది వదులైనది.

గొలుసు వైపు చువ్వ విరిగినచో ఫ్రీవీలును విప్పవలసి వచ్చును గాన అది దుకాణములోనే చేయించుట మేలు. చువ్వలు వారమున కొకటి చొప్పున విరుగసాగినచో తక్కినవియు అలసినవని గ్రహింపవలెను. అప్పుడు 40 చువ్వలును మార్చి చక్రమును కొత్తగా కట్టింపవలసినదే. అది అనుభవజ్ఞుల పని. పిల్లలు దానిని చూచి నేర్వవచ్చునే గాని తొలి ఏటనే తలపెట్టరాదు.

ఇందులకు కొందరు తలిదండ్రులు చెప్పు ఆక్షేపణలను మేమెరుగుదుము. "మా పిల్లలను చదువుకై పంపితిమి గాని మరమ్మతులకు కాదు" అనునది మొదటిది. అయ్యా, పైన చెప్పిన దానిలో చదువు కానిదేది? చుట్టుకొలత గణితము, బిగుతు భౌతికశాస్త్రము, పావు చుట్టు దాటని చేయి ఓర్మికి శిక్షణ. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముని అధ్యక్షతన జరిగిన విద్యాసభ, బాలల చదువు మాతృభాషలో, ఒక చేతిపనిని కేంద్రముగా చేసికొని సాగవలెనని తీర్మానించినది. మాతృభాషను, చేతిపనిని ఆ పెద్దలు ఒక్కచోట చేర్చి చెప్పిరి. మనము మొదటిదానికై పోరాడుచు రెండవదానిని మరచితిమి.

"ఆడపిల్లకు ఈ నూనెచేతుల పనియేల?" యనునది రెండవది. చక్రము చెడి ఇంట నిలిచిపోయినది ఆడపిల్లయే. దారి నడుమ సైకిలు నిలిచిన ఎవరి సహాయమునకు ఎదురుచూడవలెనో యని భయపడునదియు ఆడపిల్లయే. ఆమెకే ఈ విద్య ముందుగా కావలెను.

"దుకాణదారుని కూడు తీయుట కాదా?" యని అడిగినవారును గలరు. ఇది ఆలోచింపదగిన ప్రశ్నయే. అయితే ఒక్క చువ్వ విరిగినపుడు దుకాణమునకు పోవువారు మన పల్లెలలో అరుదు. ఏమియు చేయక ఊరకుండువారే పలువురు. పిల్లలు చువ్వలు కొనసాగిన అతని కొక గిరాకి కలుగును. పెద్ద పని ఎటులను అతనిదే. అంతకు మించి అతనిని బడికి పిలిచి, కుర్చీ వేసి, గురువుగా మన్నింపవలెనని మా కోరిక.

భాషను గూర్చి ఒక మాట. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరి, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించు బాధ్యతను రాష్ట్రములపై నుంచినది. ఆ హక్కును కాపాడుకొనుట అవసరమే. కాని తెలుగు పద్యములకు, పండుగలకు మాత్రమే పనికివచ్చునని, పనిముట్టు పట్టగానే వేరొక భాష కావలెనని పిల్లవాడు తలచినచో ఆ హక్కు కాగితముపైననే మిగులును. బండిచక్రమునకు ఆకు, ఇరుసు అను మాటలు మన తాతలవి. సైకిలుకు చువ్వ యని మనమనగా కంబి యని తమిళ సోదరులు, కడ్డి యని కన్నడ సోదరులు అందురు. మూడును నేర్చుకొందము. రిమ్ము, హబ్బు, నిపిలు అను వచ్చిన మాటలను వెళ్ళగొట్ట నక్కరలేదు. అయితే చక్రము ఎందుకు వంగినదో, ఎట్లు సరియగునో మన పిల్లవాడు తన తెలుగులో తడబడక చెప్పగలుగవలెను. ఆనాడే మన మాధ్యమము బ్రతికియున్నట్లు.

మేము కోరునది గొప్ప వ్యయము కాదు. వారమునకు ఒక పీరియడు, రెండు స్పోకు తాళములు, ఒక ఆకురాయి, ఒక నూనె డబ్బా, కొన్ని చువ్వలు. సుద్దముక్కలు మా వద్ద కలవు. చక్రము తిన్నగా తిరిగి బ్రేకు సరిగా పట్టుచున్నదని ఉపాధ్యాయుడో మేస్త్రీయో చూచిన తరువాతనే సైకిలు రోడ్డెక్కవలెననునది నియమము.

ఆ బాలిక సంగతి తెలుపవలెను గదా. మేము కొందరము కలసి ఆమె చక్రమును కట్టించితిమి. కట్టుచున్నంత సేపును ఆమె మేస్త్రీ ప్రక్కనే కూర్చుండి చూచినది. మార్గశిరములో ఒక తోడి విద్యార్థిని చక్రమున చువ్వ విరుగగా, ఆమెయే మా వద్దకు వచ్చి సుద్దముక్క అడిగినది. ఆ రెండవ పిల్ల ఒక్క దినమైనను బడి మానలేదు.

విద్యార్థినీ విద్యార్థులారా! నేటి సాయంకాలము ఇంటికి పోవుటకు ముందు మీ సైకిలు చువ్వలను వ్రేలితో ఒక్కొక్కటిగా మీటి చూడుడు. మూగపోయినది ఒక్కటి యున్నను రేపు మాకు చెప్పుడు. ఈసారి మేము చూచియు చూడనట్లు పోము.