వెనుదిరుగుదామనే మాట ఎవరిది?

కొత్తగా కురిసిన పొడిమంచులో స్కీయింగ్ చేయడానికి ఒక తండ్రి తన పదిహేనేళ్ల కూతురిని, లేదా ఒక తల్లి తన పదహారేళ్ల కొడుకును వెంటబెట్టుకొని పర్వతాలకు బయలుదేరడం చూడముచ్చటైన విషయం. ఆ వయసు పిల్లలు ఇంట్లో ఉన్నా తలుపు మూసుకొని ఉంటారు. తల్లిదండ్రులతో నాలుగు మాటలు కలవడమే గగనమైన ఆ రోజుల్లో ఒక వారం పాటు ఒకే గదిలో ఉండి, ఒకే వాలు మీద జారి, ఒకే రొట్టెను పంచుకొని తినడం చిన్న భాగ్యం కాదు. కనుక ఈ వ్యాసం అటువంటి ప్రయాణాలకు వ్యతిరేకం కాదు. అయితే ఆ ప్రయాణపు మూటలో వెచ్చని కోటుకన్నా, వెడల్పాటి స్కీలకన్నా ముందు సర్దుకోవలసినది ఒకటున్నదని మనవి చేయడమే దీని ఉద్దేశం. అది ఒక ఒప్పందం. 'ఇక వెనుదిరుగుదాం' అని ఆ బిడ్డ అన్న క్షణాన, వాదించకుండా, చిన్నబుచ్చకుండా పెద్దవారు వెనుదిరగాలన్న ఒప్పందం.

ఇది ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ముందుగా పొడిమంచు సంగతి తెలియాలి. తెల్లవారుజామున గడ్డి మీద నిలిచే బిందువునూ, దారి కనిపించకుండా కమ్మే పొగనూ, ఆకాశం నుంచి దూదిలా రాలే హిమాన్నీ మనం మంచు అనే అంటాం. మన వాతావరణానికి అది చాలు. కాని కొండ మీద బతకాలంటే చాలదు. చలి తీవ్రంగా ఉన్నప్పుడు గాలి లేని వేళ కురిసిన హిమం పిండిలా పొడిపొడిగా ఉంటుంది. అందులో అధికభాగం గాలే. ఘనమీటరు నీరు 1,000 కిలోలు తూగితే, అంతే పరిమాణం గల కొత్త పొడిమంచు చాలాసార్లు 100 కిలోలు కూడా తూగదు. దాని మీద జారే మనిషికి నేల తగలదు. తేలుతున్నట్లుంటుంది. స్కీయింగ్ నేర్చిన వారందరూ ఈ పొడిమంచు కోసం పరితపించడానికి కారణం ఇదే.

అయితే ఆ మెత్తదనం పైపొరది మాత్రమే. హిమం ఒక్కసారిగా పేరుకునేది కాదు. ఒక్కొక్క తుపానుకు ఒక్కొక్క పొరగా పడుతుంది. కింది పొర బలహీనంగా ఉండి, దాని మీద బరువైన కొత్త పొర చేరితే, ఆ వాలు లాగి పట్టిన వింటినారి వంటిది. 30 నుంచి 45 డిగ్రీల వాలులలోనే మంచుచరియలు ఎక్కువగా విరిగిపడతాయి. స్కీయింగ్‌కు అత్యంత ఆనందదాయకమైన వాలులు కూడా సరిగ్గా అవే. ఇంకొక చేదు నిజమూ ఉంది. చరియ కింద ప్రాణాలు పోగొట్టుకున్న విహారుల ఉదంతాలలో అత్యధికం, ఆ చరియను కదిలించినది చనిపోయినవారో, వారి వెంట ఉన్నవారో అయినవే. పర్వతం తనంత తాను వచ్చి మీద పడే సందర్భాలు తక్కువ. మనమే వెళ్లి దాన్ని కదుపుతున్నాం.

మన దేశంలో ఈ పొడిమంచుకు పేరెన్నిక గన్న చోటు కాశ్మీరంలోని గుల్‌మార్గ్. దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న ఆ పచ్చికబయలు నుంచి తీగమార్గపు మొదటి దశ 1998లో కొంగ్‌డూరి వరకు, రెండవ దశ 2005లో అఫర్వత్ శిఖరపు భుజం మీదికి, అంటే సుమారు 3,950 మీటర్ల ఎత్తుకు, తెరుచుకున్నాయి. కాశ్మీరీలు 'చిల్లయ్ కలాన్' అని పిలిచే నలభై రోజుల గడ్డుచలి డిసెంబరు 21న మొదలవుతుంది. ఆ రోజుల్లోనూ, ఆ తరువాతా కురిసే హిమం కోసం ప్రపంచం నలుమూలల నుంచి స్కీయర్లు వస్తారు. తీగమార్గం వల్ల ఎంత మేలు జరిగిందో అంత చిక్కూ వచ్చింది. ఒకప్పుడు రోజంతా ఎక్కితే గాని చేరలేని ఎత్తుకు ఇప్పుడు టిక్కెట్టు కొన్నవారెవరైనా నిమిషాలలో చేరవచ్చు. పెట్టెలో నుంచి బయటికి అడుగు పెట్టిన చోట గస్తీవారు పరిశీలించి తెరిచిన వాలు ఒక పక్కన, ఎవరి పరిశీలనా లేని వాలు ఇంకొక పక్కన ఉంటాయి. రెంటి మధ్యా గోడ ఏదీ ఉండదు.

2010 ఫిబ్రవరి 8న ఖిలన్‌మార్గ్ వద్ద చరియ విరిగిపడి, పర్వత యుద్ధవిద్యలో శిక్షణ పొందుతున్న 17 మంది సైనికులు అసువులు బాశారు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ మీద ఇద్దరు పోలండ్ దేశస్థులు, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యా దేశస్థుడు అదే విధంగా మరణించారు. వీరెవరూ మంచు ముఖం చూడనివారు కారు. తెలిసినవారికే తప్పనిది, తండ్రి అనుభవాన్ని నమ్ముకొని వెంట నడిచే పిల్లకు తప్పుతుందని ఎలా అనుకోగలం?

ఈ ప్రశ్నను ఒక దేశం చాలా బాధతో ఎదుర్కొన్నది. 2003 శీతకాలంలో కెనడా పశ్చిమ పర్వతాలలో పన్నెండు రోజుల తేడాతో రెండు ఘోరాలు జరిగాయి. జనవరి 20న రెవెల్‌స్టోక్ సమీపంలో, వృత్తి మార్గదర్శకుల వెంట వెళ్లిన బృందంలో ఏడుగురు చరియ కింద మరణించారు. వారిలో స్నోబోర్డింగ్‌లో జగత్ప్రసిద్ధుడైన క్రెయిగ్ కెల్లీ ఒకరు. ఫిబ్రవరి 1న రోజర్స్ పాస్ దగ్గర, గ్లేసియర్ జాతీయ ఉద్యానవనంలోని కన్నాట్ క్రీక్ లోయలో, కాల్గరీ సమీపంలోని ఒక పాఠశాలకు చెందిన 14 మంది పదవ తరగతి పిల్లలు, ముగ్గురు పెద్దలు స్కీల మీద పైకి వెళ్తుండగా కొండ మీది నుంచి చరియ వచ్చిపడింది. ఏడుగురు పిల్లలు చనిపోయారు. వారి వద్ద వెతుకులాట పరికరాలు ఉన్నాయి. వెంట ఉన్న పెద్దలకు అనుభవం ఉంది. దగ్గరలోనే ఉన్న ఇద్దరు మార్గదర్శకులు పరుగున వచ్చి తవ్వడంలో సాయపడ్డారు. అయినా ఆ ఏడు కుటుంబాలకు పిల్లలు తిరిగి రాలేదు.

ఆ తరువాత కెనడా ఊరుకోలేదు. కొండదారులను వాటి వాలునూ, చరియలు పడే తావులనూ బట్టి సరళం, కఠినం, సంక్లిష్టం అని మూడు తరగతులుగా విడదీసే పద్ధతిని 2004లో తెచ్చింది. మైనరు పిల్లలను తీసుకొని శీతకాలంలో పర్వత ఉద్యానవనాలకు వెళ్లే సంస్థల బృందాలకు కట్టుబాట్లు విధించింది. కఠినమైన దారికి అర్హత గల మార్గదర్శకుడు తప్పనిసరి. సంక్లిష్టమైన దారికి ప్రవేశమే లేదు. ఇంతవరకు ప్రశంసనీయమే. అయితే ఆ నియమంలోని ఒక మినహాయింపును మనం గమనించాలి. అది తల్లిదండ్రుల తోడు లేకుండా వచ్చిన పిల్లల బృందాలకు వర్తించేది. సొంత తండ్రి వెంట, సొంత తల్లి వెంట వెళ్లే బిడ్డకు అది వర్తించదు. గురువు తీసుకువెళ్లరాని వాలుకు తండ్రి తీసుకువెళ్లవచ్చు.

చట్టం అక్కడ ఆగడం తప్పని నేననను. ప్రతి ఇంటి గడప దాటి లోపలికి వచ్చే ప్రభుత్వాన్ని మనమెవరమూ కోరుకోము. కాని చట్టం గడప బయట ఆగిపోయిందంటే, లోపల ప్రమాదం లేదని అర్థం కాదు. అక్కడి బాధ్యత ఇంటివారిదేనని అర్థం. ప్రభుత్వం రాయని నియమాన్ని ఆ కుటుంబం తనకు తాను రాసుకోవాలి.

ఆ నియమం పిల్లల నోటికే ఎందుకు అధికారమివ్వాలి? దీనికి పరిశోధన ఇచ్చే సమాధానం ఉంది. ఇయాన్ మెక్‌కామన్ అనే పరిశోధకుడు 1972 నుంచి 2003 వరకు అమెరికాలో జరిగిన 715 చరియ ప్రమాదాలను పరిశీలించి, మనుషులు ఏయే ఆలోచనా మార్గాలలో పడి మోసపోతున్నారో చూపించాడు. ప్రమాదపు గుర్తులు కళ్ల ముందున్నా చాలామంది ముందుకే నడిచారు. 'ఈ చోటు నాకు అలవాటే' అన్న ధీమా ఒకటి. ఇంత దూరం వచ్చి వెనక్కు పోవడమా అన్న పట్టుదల మరొకటి. ఇతరులు తొక్కకముందే ఆ తెల్లని వాలును అందుకోవాలన్న ఆత్రం ఇంకొకటి. వీటితో పాటు ఆయన చెప్పిన మరో ఉచ్చు మనకు ముఖ్యం. బృందంలో ఒకరిని నిపుణుడిగా భావించి, నిర్ణయమంతా ఆయనకు వదిలి, మిగిలినవారు తమ కళ్లు మూసుకోవడం. వయసు, అనుభవం, నాయకుడన్న హోదా ఉంటే చాలు. ఆయనకు నిజంగా చరియల జ్ఞానం ఉన్నదా లేదా అని ఎవరూ అడగరు.

వయసు, అనుభవం, హోదా మూడూ ఒక్క మనిషిలో సహజంగా కూడిన సందర్భం తల్లిదండ్రులు కాక మరేమిటి? స్నేహితుల మధ్య ఇది ఒక భ్రమ. తండ్రీ బిడ్డల మధ్య ఇది పెంపకమే. పెద్దల మాట చద్దిమూట అని నేర్పి పెంచాం. ఎదురు చెప్పడం అవిధేయత అని చెప్పాం. అటువంటి పిల్ల, వాలు అంచున నిలబడి కాళ్ల కింద మంచు 'ధబ్' మని కుంగిన చప్పుడు విన్నా, స్కీ ముందు నుంచి పగులు పాకడం చూసినా, నాన్న చూడలేదా ఏమిటని మౌనంగా ఉంటుంది. ఆ చప్పుడూ, ఆ పగులూ బలహీనమైన పొర కూలుతున్నదని చెప్పే స్పష్టమైన హెచ్చరికలు. వాటిని గుర్తించడానికి పదిహేనేళ్ల వయసు చాలు. పైకి చెప్పడానికి మాత్రం మనమిచ్చిన అనుమతి కావాలి. చద్దిమూట ఆకలి తీరుస్తుంది, నిజమే. కాని మూట విప్పే చేతికి నోరు కూడా ఉండాలి కదా!

ఇక లెక్క చూద్దాం. చరియ కింద పూర్తిగా కూరుకుపోయినవారిని పది నిమిషాలలోపు బయటికి తీస్తే పదింట తొమ్మిది మంది వరకు బతుకుతారు. అరగంట దాటితే బతికేది ముగ్గురిలో ఒకరే. ఆగిన చరియ పొడిమంచులా ఉండదు. గట్టిగా బిగుసుకుంటుంది. లోపలి మనిషి వేలు కదపలేడు. కింది నుంచి సహాయక దళం వచ్చేసరికి ఆ పది నిమిషాలు గడిచిపోతాయి. కాపాడగలవారు పక్కన ఉన్నవారే. ఇద్దరే వెళ్లిన ప్రయాణంలో తండ్రి కూరుకుపోతే, ఆయనను కాపాడవలసినది ఎవరు? ఆ పదిహేనేళ్ల పిల్లే. 457 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని పట్టే ట్రాన్సీవర్‌తో వెతికి, మడత విప్పిన పొడవాటి కడ్డీతో గుచ్చి చూసి, పారతో తవ్వాలి. ఇదంతా భయంతో వణికే చేతులతో, ఒంటరిగా చేయాలి. తన ప్రాణాన్ని ఆ పిల్ల చేతిలో పెట్టి వెళ్తున్న తండ్రి, నిర్ణయంలో ఆమెకు పాలు లేదని అనడం ఏ న్యాయం?

దీనికి వచ్చే అభ్యంతరాలు తెలిసినవే. పిల్లలు చలికి, అలసటకు, బద్ధకానికి కూడా వెనుదిరుగుదామంటారని కొందరంటారు. అనవచ్చు. అలసిన మనిషి వాలు మీద సరిగా మలుపు తిప్పలేడు. కనుక అలసట కూడా తగిన కారణమే. ఒక పూట ఆనందం పోయినా మరుసటి రోజు కొండ అక్కడే ఉంటుంది. మరికొందరు, అసలు పిల్లలను అంత దూరం తీసుకుపోవడమే తప్పంటారు. ఆ మాటతోనూ నేను ఏకీభవించను. భయాన్ని గుర్తించి, దాన్ని మాటల్లో చెప్పి, ఆ మాటకు పెద్దలు విలువ ఇవ్వడం చూసిన పిల్లకు అంతకు మించిన చదువు మరొకటి లేదు. రేపు తండ్రి వెంట లేని చోట, స్నేహితుల మోటారు వాహనంలోనో, ఏటి ఒడ్డునో, ఆ నోరే ఆమెను కాపాడుతుంది.

కనుక వెళ్లదలచిన కుటుంబాలు కొన్ని పనులు చేయాలి. ఇద్దరే వెళ్లకూడదు. ఆ కొండను ఎరిగిన స్థానిక మార్గదర్శకుణ్ణి వెంట ఉంచుకోవాలి. తండ్రిగా ఉండటమూ, మార్గదర్శకుడిగా ఉండటమూ ఒక్కరే చేయవలసిన పనులు కావు. గస్తీవారు మూసిన వాలు జోలికి పోరాదు. మన దేశంలో చరియల హెచ్చరికలను రక్షణ పరిశోధన సంస్థలోని విభాగం వెలువరిస్తుంది. మనాలీలోని పాత హిమ అధ్యయన కేంద్రం 2020లో అందులో విలీనమైంది. ఆ హెచ్చరికను ముందు రాత్రే పిల్లల చేత బిగ్గరగా చదివించి, దాని అర్థాన్ని ఇంటి భాషలో చెప్పించాలి. అర్థం చెప్పలేకపోతే పొద్దున్న బయలుదేరకూడదు. ట్రాన్సీవరు, కడ్డీ, పార ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఉండాలి. తండ్రిని వెతికే సాధన పిల్ల చేత ముందుగా చేయించాలి. ఎన్ని గంటలకు, ఏ గుర్తు కనిపిస్తే వెనుదిరగాలో బసలోనే కాగితం మీద రాసుకోవాలి. వాలు అంచున కొత్త మంచును చూసిన కళ్లతో తీసుకునే నిర్ణయం నిర్ణయం కాదు.

అన్నింటికీ మించి, వద్దన్న ఒక్క గొంతు చాలునన్నది ఆ కాగితం మీద మొదటి వాక్యం కావాలి. ముందుకు పోవడానికి అందరి సమ్మతీ కావాలి. వెనుకకు రావడానికి ఒక్కరి మాట చాలాలి. ఆ ఒక్కరు అందరికన్నా చిన్నవారైనా సరే.