విమానంలో సీటు దగ్గర ప్లగ్ పాయింట్ ఉన్నా ల్యాప్‌టాప్ ఎందుకు ఛార్జ్ కాదు?

హనుమాన్ జంక్షన్‌లో కారెక్కితే అరగంటలో గన్నవరం విమానాశ్రయం. రాత్రి ల్యాప్‌టాప్‌కు ఛార్జింగ్ పెట్టడం మర్చిపోయారు. 'విమానంలో పెట్టుకుందాంలే' అనుకుని బయల్దేరారు. దిగగానే మీటింగ్. ఈలోగా ప్రజెంటేషన్ పూర్తి చేయాలి. తీరా సీట్లో కూర్చుని ఎంత వెతికినా ప్లగ్ పాయింట్ కనిపించదు. విదేశాలకు వెళ్లే పెద్ద విమానంలో కనిపించినా, ఛార్జర్ పెట్టిన కాసేపటికే కరెంటు ఆగిపోతుంది. పోనీ పవర్ బ్యాంకు తీద్దామంటే ఇప్పుడు దానికీ అనుమతి లేదు. ఎందుకిలా?

అన్ని విమానాల్లో ఉంటుందా?

ఉండదు. గన్నవరం నుంచి హైదరాబాద్ లాంటి దగ్గరి ఊళ్లకు తిరిగే ఏటీఆర్ 72 రెక్కల పంకాల విమానం. గంట ప్రయాణానికి వాడే ఇలాంటి వాటిలో ప్లగ్ పాయింట్ మీద ఆశ పెట్టుకోకండి. దేశీయ మార్గాల్లో తిరిగే ఎయిర్‌బస్ ఏ320 రకం విమానాల ఎకానమీ సీట్లలో కూడా చాలా వాటికి ఉండదు. గల్ఫ్, అమెరికా, యూరప్ వెళ్లే పెద్ద విమానాల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. విమానం ఆలస్యమైతే ప్రయాణికుడికి ఏం ఇవ్వాలో డీజీసీఏ నిబంధనలు చెబుతాయి. సీటు దగ్గర కరెంటు ఇవ్వడం మాత్రం విమానయాన సంస్థ ఇష్టం.

ఉన్నా ఎందుకు ఆగిపోతుంది?

మన ఇంట్లో ప్లగ్ పాయింట్‌కు 230 వోల్టుల కరెంటు వస్తుంది. దానికే ఇస్త్రీ పెట్టె కూడా పెడతాం. విమానంలో ఇంజిన్లకు అమర్చిన జనరేటర్లు 115 వోల్టుల, 400 హెర్ట్జ్ కరెంటు తయారుచేస్తాయి. దాన్ని సీటు దగ్గర 110 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు మార్చి ఇస్తారు. మీ ఛార్జర్ మీద 'ఇన్‌పుట్ 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్' అని ఉంటే వోల్టేజీతో ఇబ్బంది లేదు.

చిక్కంతా వాట్ల దగ్గరే. సీటు దగ్గరి పాయింట్లు సాధారణంగా 75 నుంచి 150 వాట్ల వరకే ఇస్తాయి. మామూలు ల్యాప్‌టాప్ ఛార్జర్ 45 లేదా 65 వాట్లు కాబట్టి నడుస్తుంది. గేమింగ్ ల్యాప్‌టాప్ ఛార్జర్ 180 వాట్లు, అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. పరిమితి దాటగానే ఆ పాయింట్ దానంతటదే ఆగిపోతుంది. అది చెడిపోయినట్లు కాదు, మంటలు రాకుండా పెట్టిన కాపలా. 1998 సెప్టెంబర్ 2న స్విస్‌ఎయిర్ 111 విమానం కెనడా తీరంలో కూలి 229 మంది చనిపోయారు. సీట్ల వినోద వ్యవస్థకు కరెంటు ఇచ్చే తీగ దగ్గర నిప్పురవ్వలు లేచి మంటలు మొదలై ఉంటాయని దర్యాప్తు తేల్చింది. సీటు దాకా వెళ్లే ప్రతి తీగ విషయంలో ఇంత జాగ్రత్త అందుకే.

మరో సంగతి. క్యాబిన్ మొత్తానికి కలిపి కూడా ఒక హద్దు ఉంటుంది. అది నిండితే ముందు పెట్టుకున్నవారికి కరెంటు వస్తుంది, తర్వాత పెట్టినవారికి రాదు.

పవర్ బ్యాంకు సంగతేంటి?

2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో ఎయిర్ బూసాన్ విమానం మంటల్లో కాలిపోయింది. ప్రయాణికులంతా ప్రాణాలతో బయటపడ్డారు. పైన సామాన్ల అరలో ఉన్న పవర్ బ్యాంకే కారణమై ఉండొచ్చని దర్యాప్తులో తేలింది. ఆ తర్వాత చాలా దేశాలు నిబంధనలు బిగించాయి. మన డీజీసీఏ కూడా 2025 నవంబర్‌లో ఇచ్చిన సర్క్యులర్‌లో విమానంలో పవర్ బ్యాంకు వాడొద్దని, దాన్ని సీటు దగ్గరి పాయింట్‌కు పెట్టొద్దని చెప్పింది.

వెంట తీసుకెళ్లొచ్చు, కానీ చేతి సామానులోనే. చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు, పైన అరలో ఉంచకూడదు. 100 వాట్-అవర్ వరకు అనుమతి అడగక్కర్లేదు. 100 నుంచి 160 వరకైతే సంస్థ అనుమతి కావాలి. అంతకు మించితే వద్దంటారు. లెక్క తేలికే: ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి 1000తో భాగించండి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్.

మరి రైలెక్కితే?

జంక్షన్‌లోనే ఉన్న నూజివీడు స్టేషన్‌లో రైలెక్కినా బెంగ పూర్తిగా తీరదు. బోగీల్లో పాయింట్లు ఉంటాయి గానీ, అగ్ని ప్రమాదాల భయంతో రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు వాటికి కరెంటు ఆపాలన్న ఆదేశాలను రైల్వే 2021 మార్చిలో మరోసారి అమల్లో పెట్టింది.

మీరు ఏం చేయాలి?

• బుకింగ్ పేజీలో విమానం రకం చూడండి. పాయింట్ ఉందని రాసినా చివరి నిమిషంలో విమానం మారొచ్చు.
• ఇంటి నుంచే 100 శాతం ఛార్జ్‌తో బయల్దేరండి. బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడే ల్యాప్‌టాప్ ఎక్కువ కరెంటు లాగుతుంది.
• మీ ల్యాప్‌టాప్ యూఎస్‌బీ-సీతో ఛార్జ్ అయితే 65 వాట్ల చిన్న ఛార్జర్ తీసుకెళ్లండి.
• పాయింట్ ఆగిపోతే ఛార్జర్ తీసి, ల్యాప్‌టాప్ ఆపేసి మళ్లీ పెట్టండి. పచ్చ లైటు వెలగకపోతే సిబ్బందిని అడగండి.
• ఛార్జర్ గానీ ల్యాప్‌టాప్ గానీ చేయి పెట్టలేనంత వేడెక్కితే వెంటనే తీసేసి సిబ్బందికి చెప్పండి.

టికెట్ అమ్మేటప్పుడు కిటికీ సీటుకు ఇంత, కాళ్లు చాపుకునే చోటుకు ఇంత, భోజనానికి ఇంత అని లెక్క చూపిస్తారు. అదే పేజీలో 'ఈ సీటు దగ్గర కరెంటు ఉంది, ఇన్ని వాట్లు' అని ఒక్క ముక్క రాయడం పెద్ద పనేం కాదు. పవర్ బ్యాంకు వాడొద్దన్న మాట భద్రత కోసమే, దాన్ని పాటించాల్సిందే. అలాంటప్పుడు విమానంలో కరెంటు దొరుకుతుందో లేదో డబ్బు కట్టే ముందే తెలుసుకోవాలనుకోవడం అత్యాశ కాదు.